పరగడుపున తాగిన అంబలి

మొన్న నా కడుపులోకి కెమెరా గొట్టం వేశారు. చిటికెన వేలంత లావు, ఎటు తిప్పితే అటు తాడులా వంగుతుంది. పక్కనున్న టీవీలో నా కడుపు నాకే చూపించారు. జబ్బు ముదరకముందే పట్టేస్తుందట. మంచిదే. కానీ నేను మొదట చూసిన గొట్టం ఇట్లా వంగేది కాదు. అది మా ఆయన గొంతులో దిగింది.

పంతొమ్మిదివందల యాభైల చివరి మాట. మాది నందికొట్కూరు దగ్గర పల్లె. మా ఆయన నాకు మేనమామ. పెళ్లయినా మామా అనే పిలిచేదాన్ని. ఆ ఏడు ఆయనకు కడుపులో మంట పట్టుకుంది. పచ్చిమిరపకాయలు నూరిన ఊరుబిండి లేనిదే ముద్ద దిగని మనిషి, సంగటి సగంలో వదిలి లేచేవాడు. తినే తట్టలో మెతుకు మిగిలితే ఊరుకునేదాన్ని కాదు నేను. అలాంటిది నోరు మెదపలేకపోయాను. మా చిన్నాయన అట్లాగే చిక్కి చిక్కి రాచపుండుతో పోయాడు. క్యాన్సరు అనే మాట అప్పటికి మా ఊరు చేరలేదు.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు కడప మనిషి. మొదట సుద్దనీళ్ల లాంటి తెల్లమందు తాగించి ఎక్స్‌రే తీశాడు.

"గోడకు కొట్టినట్టు నా కడుపుకు సున్నం కొట్టినారే," అన్నాడు మా ఆయన బయటికి వచ్చి.

డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. తెల్లటి సంచి ఆకారంలో ఒకచోట గోలీకాయంత నల్లమచ్చ.

"రాచపుండా సామీ?" నేనే అడిగాను. ఆయన అడగడని తెలుసు.

"చెప్పలేనమ్మా. ఇది నీడ. మనిషి నీడను చూసి మనిషి నలుపో ఎరుపో చెప్తామా? దీపం గొట్టం యేసి కండ్లతో చూడాల. గురువారం పొద్దున్నే పరగడుపున పిల్చుకరా. ఏమీ తినగూడదు."

గురువారం లోపలే ఆయన, తను పోతే ఎద్దుల్ని ఎవరికి అప్పగించాలో తమ్ముడితో మాట్లాడి పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ గొట్టం మూరన్నర పైనే ఉంది. పై సగం కడ్డీలా నిటారు. కింది సగానికి రబ్బరు తొడుగు, అది కాస్త వంగుతుంది. కొసన గోరంత దీపం. పైనుంచి ఒక కన్ను పెట్టి చూడాలి. గొంతుకు తిమ్మిరి మందు పూసి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, నర్సు ఆయన తలను వెనక్కి వంచి పట్టుకుంది. సంతలో కత్తి మింగేవాడిలా ఉన్నాడు. నేను కాళ్లు పట్టుకుని నిలబడ్డాను.

డాక్టరు కన్ను పెట్టాడు, తీశాడు, అద్దం తుడిచి మళ్లీ పెట్టాడు. గొట్టం బయటికి లాగేశాడు.

"ఏం తినినావప్పా?"

మా ఆయన నా వైపు వేలు చూపించాడు.

"ఏమీ పెట్టలేదు సామీ," అన్నాను. "రాత్రి నుంచి మెతుకు ముట్టలేదు. బస్సులో శోష రాకుండా చెంబుడు అంబలి తాగినాడు, అంతే."

"అంబలి తిండి గాదామ్మా?"

"అంబలి తిండేంది సామీ? నీళ్లు గదా!"

మా ఇళ్లలో అంతే. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఉప్పేసుకుని తాగుతాం. దాంతో కడుపు నింపుకుని చేనికి పోయినవాడు కూడా ఇంకా తినలేదనే చెబుతాడు.

తిట్టడానికి నోరు తెరిచిన డాక్టరు ఉన్నట్టుండి ఆగాడు.

"ఎక్స్‌రే నాడు గూడా తాపినావా?"

"తాపకుండా పంపుతానా?"

"ఉండలు ఉన్న్యాయా దాంట్లో?"

"పిసికిన సంగటి గదా, నాలుగు ఉండలు ఉండవా?"

డాక్టరు ఫిల్మును మళ్లీ వెలుతురుకు పట్టాడు. "ఈ మచ్చ నీ సంగటి ఉండే కావచ్చు. కాకపోనూ వచ్చు. రేపు పొద్దున్నే మళ్లీ చూస్తా. ఈసారి చుక్క తాపినావంటే నిన్ను పండబెట్టి నీకు యేస్తా గొట్టం!"

ఆ రాత్రికి కర్నూలు పక్కనే కల్లూరులో బంధువుల ఇంట్లో ఆగాం. సాయంత్రం వాళ్లు రొట్టెలు పెడితే నేనూ వద్దన్నాను.

"నీకెందుకే ఒక్కపొద్దు?" అన్నాడు మా ఆయన.

"ఊరికే. వాళ్లకు రెండు రొట్టెలు మిగుల్తాయి."

నిజం అది కాదు. ఆ మచ్చ నా సంగటి ఉండే అయి ఉండాలని మొక్కుకుంటున్నాను. తప్పు నాదే కావాలని నేను కోరుకున్నది జన్మలో ఆ ఒక్కసారే.

మర్నాడు డాక్టరు చాలాసేపు చూశాడు. గొట్టం అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"రామ్మా, నువ్వే చూడు."

ఎర్రగా, తడిగా, దూడ నోరు తెరిచినప్పటి లోపలి రంగు. ఒకచోట అలసందగింజంత తెల్లటి పుండు.

"మామూలు పుండే. అంచు శుభ్రంగా ఉండాది. రాచపుండు ఇట్లుండదు. ఆ నల్లమచ్చ యాడా లేదు. తొందరగా దొరికింది, మందుకు మానుతాది. మిరపకాయలు మాన్పించు."

గొట్టం బయటికి తీసేసరికి నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. ఆయన మెల్లగా లేచి కూర్చుని, బొంగురు గొంతుతో అన్నాడు:

"బతికినానంటే ఏడుస్తాండావే! పోతానంటే నవ్వేదానివా ఏమి?"

"నోరు మూసుకో మామా, గొంతు పుండయితాది," అని కసిరి, ఆయన గడ్డం మీద కారిన చొంగను ఆ కొంగుతోనే తుడిచాను.