పురుగుల్ని సాకిన పిల్ల

కూర్చో. అట్లా గోడకు వాలి కాదు, సరిగ్గా కూర్చో. ఫోను పక్కన పెట్టి, చెప్పేది చెవిన వేసుకో. నా మాటలు నీ బడి తెలుగులోకి దిద్దుకుంటావో ఏమో, నీ ఇష్టం. మనుషులు మాట్లాడుకున్న మాటలు మాత్రం దిద్దొద్దు. వాళ్ల నోట ఎట్లా వచ్చాయో అట్లాగే రాయి.

మోకాళ్లు పట్టేసి చేలో వంగలేకపోతుంటే, ఆదోని దగ్గర పత్తి మీద పరిశోధన చేసే చోట నన్ను ల్యాబులో పనికి పెట్టుకున్నారు కదా, అప్పటి సంగతి ఇది. గాజు సీసాలు కడగడం, నేల తుడవడం, నీళ్లు కాచివ్వడం నా పని. ఆ ల్యాబులో ఒక పిల్ల ఉండేది. రీసెర్చ్ అసిస్టెంటు. మేమంతా పురుగుల మేడం అనేవాళ్లం. ఆదోనిలో సాయిబుల ఇంటి పిల్ల, వాళ్ల నాయన టైలరు. వ్యవసాయంలో పెద్ద చదువు చదివి, మళ్లీ సొంత ఊరికే పనికి వచ్చింది. సన్నగా, పొట్టిగా, తలమీద చున్నీ గట్టిగా చుట్టుకుని, ఎప్పుడూ ఏదో ఒకటి వంగి చూస్తూ ఉండేది.

మొదటి రోజు ఆ పిల్ల పనిచేసే గదిలోకి పోయి, చూసింది నిజమా కాదా అనుకున్నాను. పత్తికాయను లోపలినుంచి తొలిచే గులాబీ రంగు పురుగు ఉంది చూడు, దాని పేరెత్తితే మన రైతులకు ముద్ద దిగదు. ఆ పిల్ల ఆ పురుగుల్నే గూళ్లున్న పళ్లేల్లో, ఒక్కో గూట్లో ఒక్కోదాన్ని పెట్టి, మేత పెట్టి పెంచుతోంది!

"ఏం పాపా, మేం సేన్లో మందు కొట్టి దీన్ని సంపలేక సస్తాంటే, నువ్వు ఈడ కూసోబెట్టి సాకుతాండావా?" అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తలేదు. "దీన్ని తట్టుకునే పత్తి యాదో తెల్సుకోవాల కదవ్వా. ఎదురు నిలబడేటోడు లేకుండా కుస్తీలో ఎవుడు గట్టోడో ఎట్లా తెలుస్తాది?" అంది.

అప్పుడు అర్థమైంది. కొత్తరకం పత్తి మొక్కల్ని కుండీల్లో పెంచుతారు. అవి లేత కాయ పట్టినప్పుడు వాటిమీదికి ఈ పురుగును వదులుతారు. ఏ మొక్క కాయ నిలుస్తుంది, ఏది పుచ్చిపోతుంది అని చూస్తారు. కాయ ముదిరితే పురుగు సరిగ్గా లోపలికి పోదు. అందుకని కాయ లేతగా ఉన్నప్పుడే పురుగు సిద్ధంగా ఉండాలి. ఆ రెంటినీ ఒక వేళకు తేవడమే ఆ పిల్ల ఉద్యోగం.

దాని పని చూస్తూ ఉంటే పొద్దు తెలిసేది కాదు. పత్తిగింజల పిండి, శనగపిండి, జెల్లీలా పేరుకోవడానికి చైనా గడ్డి, ఇంకా ఏవో పొడులు వేసి మేత ఉడికించేది. గది అంతా బజ్జీల కొట్టు వాసన. గరిటె తిప్పడం ఆపితే గడ్డ కడుతుందని, ఫోన్లో ఎవరు పిలిచినా తీసేది కాదు. వాళ్లమ్మ ఒకసారి ల్యాబుకే వచ్చి, "ఇంట్లో ఉప్మా కలపరాదు, ఈడ పురుగులకు పాయసం సేస్తాంది సూడండి మా మహారాణి!" అని అందరి ముందూ అంటే, ఈ పిల్ల నవ్వి, "అమ్మీ, నీ ఉప్మాకు పేరు పెట్టేటోళ్లు ఉండారు. వీటికి నోరు లేదు, బాగలేకుంటే సచ్చిపోతాయి అంతే" అంది.

గుడ్డులోనుంచి అప్పుడే వచ్చిన పురుగు ఎంత ఉంటుందనుకున్నావు? ఆవగింజ మీద కూర్చున్నా కనబడదు. దాన్ని సన్న కుంచె కొసతో ఎత్తి మేత మీద దించేది. దించేటప్పుడు ఊపిరి బిగబట్టేది. మన ఊపిరి తగిలినా అది ఎగిరిపోతుందట. నేను ఒకసారి పక్కన నిలబడి తుమ్మబోయి, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ పిల్ల దించాల్సినదాన్ని దించి, "ఇప్పుడు తుమ్మవ్వా" అంది.

ఆ పనికి ఏడాదికోసారి ఉత్తర్వు రావాలి. అక్కడి పెద్దసారు మంచివాడే, కానీ మాట దాచేవాడు కాదు. ఆ ఏడు వానాకాలం మొదట్లోనే చెప్పాడు: "ఈసారి పరీక్ష పూర్తయితేనేమ్మా ఈ పని ముందుకు సాగేది. లేకపోతే పైవాళ్లు పురుగుల గది మూసేయమంటారు. గది లేకపోతే నీ పోస్టూ ఉండదు." ఆ పిల్ల "సరే సార్" అంది, అంతే. ఆ రోజునుంచి ఆదివారాలు కూడా వచ్చేది.

కుండీల్లో కాయ పడుతోంది. సీసాల్లో పురుగులు రెక్కలొచ్చి చిన్న చిన్న చిమ్మటలై తిరుగుతున్నాయి. అవి పెట్టే గుడ్లే మొక్కల మీదికి పోవాలి. తాగడానికి తేనె నీళ్లలో తడిపిన దూది, గుడ్లు పెట్టడానికి గుడ్డముక్కలు సీసాల్లో వేలాడదీసి, గది సగం చీకటి చేసి, అంతా సిద్ధంగా ఉంచింది. అప్పుడొచ్చింది ఆయుధపూజ.

మన దగ్గర ఆయుధపూజ అంటే తెలుసు కదా. మిల్లులో మిషన్లకు, ఆటోలకు, ట్రాక్టర్లకు, చివరికి కత్తిపీటకు కూడా బొట్టు పెట్టాల్సిందే. ల్యాబులోనూ అంతే. తక్కెడకు పసుపు, ఫ్రిజ్జుకు బంతిపూల దండ. మైక్రోస్కోపుకు ప్రతి ఏడూ ఆ పిల్లే తన చేత్తో పువ్వు పెట్టేది. "నాకు అన్నం పెట్టేది ఇదే కదా" అనేది. ఆ ఏడు మాత్రం పొద్దున్నే ఎమ్మిగనూరు వైపు చేలకు, పోల్చి చూసేందుకు పురుగు పట్టని పత్తికాయలు కోసుకురావడానికి, జీపులో పోయింది.

మా అటెండరు పెద్దాయన ఒకడు ఉండేవాడు. భక్తి ఎక్కువ, చెవులు తక్కువ. ధూపం పళ్లెం పట్టుకుని గది గదికీ తిరిగాడు. పురుగుల గదిలోకీ పోయాడు. సాంబ్రాణి చాలదని పిడికెడు వేపాకు కూడా వేశాడు. పొగ బయటికి పోకుండా తలుపు కూడా మూసి వచ్చాడు. నేను వెనక పెరట్లో కొబ్బరికాయలు కడుగుతున్నాను. నాకు వాసన వచ్చింది, పూజ వాసనే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి తలుపు తీసింది. పొగ ముఖాన కొట్టింది. కిటికీలన్నీ తెరిచి, ఒక్కో సీసా ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది. చిమ్మటలన్నీ సీసాల అడుగున బూడిద రాలినట్టు పడి ఉన్నాయి. తట్టింది. ఒక్కటీ కదల్లేదు. పళ్లేల్లో పురుగులూ ముడుచుకుపోయాయి.

పెద్దాయన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "రెక్కల పురుగులు తిరుగుతాంటే దోమలనుకుంటిని పాపా. నీ గది శుభ్రంగా ఉండాలనే వేపాకు ఏస్తిని. దేవుని పొగ మంచిదే కదా అనుకుంటిని" అని ఏడ్చేశాడు.

నేనైతే నాలుగు మాటలు అనేదాన్ని. నోటిదాకా వచ్చాయి కూడా. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది. "మామా, నువ్వు సెడ్డకు సేయలేదు. తలుపు మీద బోర్డు పెట్టకపోవడం నాది తప్పు. పోయి మొగం కడుక్కో, పూజ సగంలో ఉండాది" అంది. ఆ వయసులో అంత మాట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సారు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఇంకేముందమ్మా, ఈ ఏటికి అయిపోయినట్టే" అన్నాడు.

"లేదు సార్, కాయ ఇంకా లేతగానే ఉంది. ఇప్పుడు పురుగు దొరికితే రెక్కలొచ్చి గుడ్లు పెట్టేదానికి టైము సరిపోతుంది. నన్ను వెతకనివ్వండి."

"ఎక్కడ వెతుకుతావు?"

"ఊరంతా దానివల్లే ఏడుస్తాంది కదా సార్. దొరక్కుండా ఎక్కడికి పోతుంది?"

పండుగ కాగానే నన్ను వెంటేసుకుని ఆదోనిలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లుకు పోయింది. బోర్ల కింద ముందుగా వేసిన పత్తి అప్పుడే వస్తోంది. పత్తి కుప్ప పోస్తే, అందులోంచి పురుగులు నేలమీదికి పాకి వస్తాయి. మేము సంచి, సీసాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడితే మిల్లు యజమాని అనుమానంగా చూశాడు.

"పురుగులా? మా పత్తిలో పురుగుండాదని పేపర్లో ఏపిచ్చడానికి వచ్చినారా?"

"పురుగు మీ మిల్లులో పుట్టలేదన్నా. సుట్టం మాదిరి సేను నుంచి వచ్చింది. అడక్కుండా వచ్చిన సుట్టాన్ని మేం తీసుకపోతామంటే మీకేం నష్టం?" అంది ఈ పిల్ల.

ఆయన నవ్వేశాడు. "ఇంతవరకూ పత్తి అడిగినోళ్లు వచ్చినారు, గింజలు అడిగినోళ్లు వచ్చినారు. పురుగులు అడిగింది నువ్వేనమ్మా. పో, కావాల్సినన్ని ఎత్తుకపో!"

లోపల పత్తి ఏరే ఆడవాళ్లయితే పడి పడి నవ్వారు. ఒకామె, "మేయ్, పుట్టిన కాడనుంచి దీన్ని తిడితిమి, ఇప్పుడు దీన్ని బతిలాడి పట్టాల్నంట సూడండే!" అంది. ఇంకొకామె, "నీకెన్ని గావాల పాపా? మా ఆయన సేన్లో అయితే బండికెత్తొచ్చు" అంది. నవ్వుతూనే అందరూ కుప్ప చుట్టూ కూర్చున్నారు. వేళ్లతో పట్టుకుంటే పురుగు నలిగిపోతోంది. కుంచె ఒక్కటే ఉంది. ఆ పిల్ల ఒకసారి చుట్టూ చూసి, మూల కోడి ఈకలు పడి ఉంటే ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి, తలా ఒకటి ఇచ్చింది. ఈక కొస ముందర పెడితే పురుగు దానంతట అదే ఎక్కుతుందని నేలమీద కూర్చుని చూపించింది. చదువుకున్న పిల్ల, దుమ్ములో మఠం వేసుకుని, తల నిండా దూది. కాసేపట్లోనే ఆ ఆడవాళ్ల చేతులు పూలు కట్టినట్టు ఆడాయి. "నాది సూడు ఎంత లావుందో", "పోవే, నాది పెండ్లికూతురి మాదిరి ఎర్రగుండాది" అని పోటీలు.

తెచ్చినవన్నీ బతకలేదు. కొన్ని దారిలోనే పోయాయి, కొన్ని రోగంతో నల్లబడ్డాయి. ఆ పిల్ల వాటిని వేరు చేసి, మంచివాటిని మడత అట్టల్లో గూడు కట్టుకోనిచ్చి, రెక్కలొచ్చినవాటిని వచ్చినట్టు సీసాల్లోకి మార్చింది. రోజూ కుండీల దగ్గరికి పోయి కాయ వేలితో నొక్కి చూసేది, వచ్చి గూళ్లు చూసేది. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోతుంటే, "పురుగులకు పెట్టేదాంట్లో సగమన్నా నీకు పెట్టుకో" అని నేను దగ్గర కూర్చుని తినిపించేదాన్ని. భయం ఉంది దానికి, నాకు తెలుసు. కానీ చేయి మాత్రం ఒక్కసారి కూడా తొందరపడలేదు.

ఒక పొద్దున నేను చీపురు పట్టుకుని పోయేసరికి గదిలోంచి, "అవ్వా! పరిగెత్తుకోని రా!" అని అరిచింది. మోకాళ్ల సంగతి మరిచిపోయి పోయాను. సీసాలో వేలాడదీసిన గుడ్డముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమంది. ఒక కన్ను మూసి చూశాను. మొదట నా రెప్ప వెంట్రుకలే కనబడ్డాయి. తర్వాత కనబడ్డాయి, ముత్యాలు పోసినట్టు, గుంపులు గుంపులుగా గుడ్లు. సారు కూడా వచ్చి చూసి, చాలాసేపు లేవలేదు. లేచి, "ఈ ముక్కల్ని మొక్కలకు కట్టండమ్మా. పరీక్ష జరుగుతుంది" అన్నాడు. జరిగింది కూడా. గది మూయలేదు. ఆ పిల్ల ఇప్పటికీ అక్కడే ఉంది.

గుడ్లున్న గుడ్డముక్కల్ని ఆ రోజే మొక్కలకు కట్టాం. లేత కాయ పక్కన, ఎండ తగలకుండా, మరీ బిగించకుండా కట్టాలి. మొదటి ముక్క నా చేతికిచ్చి, "నువ్వే కట్టవ్వా" అంది. నేను చేతులు కొంగుకు తుడుచుకుని, కొమ్మను ఇట్లా ఎడమ చేత్తో పట్టుకుని, దారం రెండు చుట్లు తిప్పి, ముడి వేసేటప్పుడు ఆ పిల్ల నా చెవి దగ్గర ఏమందంటే...

"అత్తా, సంగటి సల్లారిపోతాంది! ఇంకెంతసేపు సెప్తావు, రాండి ఇద్దరూ!"

వస్తాండామ్మా, ఒక్క మాట... సరే లే, పెన్ను అక్కడ పెట్టు, మీ అమ్మ కోప్పడుతుంది, ఆ పిల్ల నాతో ఏమందంటే, "అవ్వా, ఈ ముడి నువ్వు ఏస్తేనే సరి. ఇన్నేండ్లు సేన్లో దీంతో కొట్లాడింది నువ్వే కదా" అంది.