మొదటి కాయ రుచి

కేతేపల్లి దగ్గర మూసీ ఇసుకలో మా బాపు ఏటా కర్బూజ పెట్టేవాడు. ఇసుకలో పాదులు తవ్వి, అడుగున బాగా మాగిన గొర్రె ఎరువు పోసేవాడు. కాయకు తీపి దానితోనే వస్తుందని అమ్మ అనేది. మొదటి కాయ తిని రుచి చెప్పేదీ ఆమే. ఆమె బాగుందనేదాకా బాపు ఒక్క కాయ కూడా అంగడికి పంపేవాడు కాదు.

ఆ ఏడు ఊరి గొర్రె మందలన్నీ తన చెలక భూముల్లోనే పడుకోవాలని దొర హుకుం చేశాడు. మా ఊళ్లో గొర్రెలకు కూడా వెట్టి తప్పలేదు. ఎరువు దొరక్క బాపు కొట్టంలోని పచ్చిపేడనే పాదుల్లో వేశాడు. తీగలు ఏపుగా పాకాయి. కాయలు ఎన్నడూ లేనంత పెద్దవయ్యాయి.

అప్పటికే అమ్మ జ్వరంతో మంచం పట్టింది. బాపు మొదటి కాయను ఇంటికి తెచ్చి, కోసి, ఒక ముక్క ఆమె నోట్లో పెట్టాడు.

"ఎట్లున్నదే?"

అమ్మ చాలాసేపు నమిలింది. "బెల్లం లెక్కున్నది. ఇగ అంగడికి తీస్కపో" అంది.

మిగిలిన ముక్కలు మేం తిన్నాం. వట్టి నీళ్లు. బాపు కూడా తిన్నాడు, లేచి కాయలు అంగడికి తీసుకెళ్లాడు. నెల తిరగకముందే అమ్మ పోయింది.

మరుసటేడు దొర మందలను వదిలాడు, మాకు గొర్రె ఎరువు దొరికింది. మొదటి కాయను బాపు ఇసుకలోనే కూర్చుని కోసి మాకు పంచాడు. అంత తీపి కాయ నేను మళ్లీ తినలేదు. బాపు ఒక ముక్క నోట్లో వేసుకుని ఏటి దిక్కు మొహం తిప్పుకున్నాడు.

"సప్పగున్నది" అన్నాడు.