స్టెయిన్వోర్ మెచ్చిన ఈ ఏటి నవల

స్టెయిన్వోర్ చేపల ఫ్యాక్టరీలో ముళ్ళు తీసే మనిషి. సాయంత్రమైతే ఊరి ఈతకొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలో గడ్డం దాకా మునిగి, చదివిన నవలల గురించి మాట్లాడుతూనే ఉంటుంది. నెత్తిన మంచు పడుతున్నా ఆపదు. కథ మంచి పట్టులోకి వచ్చేసరికి నీళ్ళలో ఆమె కాళ్ళు తపతపలాడతాయి, చుట్టూ ఉన్న మా అందరి మొహాలూ తడుస్తాయి. ఏడాది చివర తనకు నచ్చిన నవలలేవో ప్రకటించడం ఆమె హక్కు. మా ఐస్‌లాండ్‌లో క్రిస్మస్‌కి పుస్తకాలే ఇచ్చుకుంటాం కనుక అందరం చెవులు రిక్కిస్తాం. ఈసారి ఒక్కదాని పేరే చెప్పింది. చేపల ఫ్యాక్టరీలో సమ్మె చేసిన ఓ పిల్ల, ఆమె తోటి ఆడవాళ్ళ కథ అది. "చివర్లో ఆ పిల్ల మళ్ళీ పనిలోకి వెళ్ళడం తప్పా, ఒప్పా? ఎవరైనా చదివి నాతో పోట్లాడండర్రా, కడుపుబ్బిపోతోంది" అంది. జీతాల పెంపు మాటెత్తితే కిటికీ వైపు మొహం తిప్పుకునే మా ఫ్యాక్టరీ మేస్త్రీ హాల్‌మండుర్, "పగలంతా చేపలు చాలవా తల్లీ" అన్నాడు.

క్రిస్మస్ ముందురాత్రి ఆమె విప్పిన ఏడు ప్యాకెట్లలోనూ అదే నవల. అంతగా మెచ్చుకుంది కదా అని అందరం ఆమెకే కొన్నాం, ఒక్కరమూ చదవలేదు. పండగ కాగానే ఇంటింటికీ తిరిగి ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది. "ముందు చదివి చావండి."

అందరం చదివేసరికి జనవరిలో తొట్టి సంతలా తయారైంది. ఆ గోలలోనే హాల్‌మండుర్ ఒళ్ళంతా ఆవిరి కక్కుతూ లేచి నిలబడ్డాడు. "జీతం పెంచకుండా ఆ పిల్ల మళ్ళీ పనిలోకి వెళ్ళకూడదు. నేనైతే వెళ్ళనివ్వను" అన్నాడు.

స్టెయిన్వోర్ కాళ్ళు తపతపలాడాయి.

"ఆ మాటే సోమవారం ఫ్యాక్టరీలో, బట్టలేసుకుని కూడా అను నాయనా" అంది.