నీలం గుడ్డముక్క దగ్గర ఆగిన కథ

మేడ్చల్‌లో మా గల్లీ చివర బట్టలు కుట్టే టైలర్ మామ పోయిన నెల చనిపోయాడు. ఆ రోజు పొద్దున్నే ఆయన భార్య, నేను అత్తమ్మ అని పిలిచే ఆమె, ఫోన్ చేసి "మీ మామ లేడు బిడ్డా" అంది. నిద్రలోనే పోయాడట. "వస్తున్న" అని మాత్రం అనగలిగాను.

మామ నాకు చుట్టం కాదు. చాలా ఏళ్ల కిందట ప్యాంటు పొడవు తగ్గించమని వెళితే, టేపు మెడలో వేసుకుంటూ, నా సంచిలో పుస్తకం చూసి, "ఇప్పుడు ఏం చదువుతున్నవ్?" అని అడిగాడు. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. పుస్తకం తీసి చూపించాను.

"మంచిగుందా? ఆశ పుట్టేదాక చెప్పు, మొత్తం చెప్పకు. కొలత తప్పితే కుట్లిప్పొచ్చు. కథ చెడగొడితే ఏం జేస్తం?" అన్నాడు.

అప్పటినుంచి గుండ్లపోచంపల్లి గోదాములో సరుకు లెక్కలు రాసి తిరిగొస్తూ రోజూ అక్కడ ఆగేవాణ్ని. నేను మాట్లాడేదే తక్కువ. ఆ పావుగంటలోనే నా రోజంతటి మాటలు అయిపోయేవి. తను చదివినంతవరకు మామ చెబుతుంటే అత్తమ్మ గుండీలు కుడుతూ వినేది. ఆమెకు చదువు రాదు. పేజీ మూల మడిస్తే మామకు కోపం. గుర్తుకోసం గుడ్డముక్కలు కత్తిరించేవాడు. తనకు నీలం, నాకు పసుపు.

నిరుడు శామీర్‌పేటలో పాత కాగితాల కొట్టులో ఆయనకొక నవల దొరికింది. అట్ట చిరిగిపోయి పేరు కూడా తెలియదు. నాయిన అమ్మేసిన బర్రెను వెతుక్కుంటూ ఇల్లు విడిచిన పిల్ల కథ. సగంలో ఉండగా మామకు కంటి ఆపరేషన్ అయింది. నెలరోజులు చదవొద్దన్నారు.

"తీస్కపో అల్లుడా. పుస్తకం ఖాళీగ ఉండొద్దు."

"నువ్వు సగంల ఉన్నవ్ కద మామ."

"నేనేడికి పోత? నువ్వు చదివినంక చదువుత."

నీలం ముక్క దాకా చదివి ఆగిపోయాను. పెద్దమనిషి ఆగినచోటు దాటి పోవడం మర్యాద అనిపించలేదు. కళ్లు బాగయ్యాక ఆయనే అడుగుతాడనుకున్నాను. కళ్లు బాగయ్యాయి. ఆయన వేరే పుస్తకం పట్టుకున్నాడు. దీనిమీద మనసు లేదేమో అనుకుని నేనూ ఆ మాట ఎత్తలేదు.

"ఎంతదాక వచ్చె?" అనేవాడు అప్పుడప్పుడు.

"నడుస్తాంది మామ."

"కానీ. జల్దీ ఏం లేదు."

దినాలయ్యాక పుస్తకం తిరిగివ్వడానికి వెళ్లాను. కుట్టు మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. "అయిపోయిందా బిడ్డా?" అంది అత్తమ్మ. తల దించుకుని జరిగింది చెప్పాను. ఆమె మిషన్ మీది దుప్పటి సర్దింది.

"నేను అడిగి తెచ్చుకో అంటే, 'అల్లుడు మెల్లగ చదువుతడు, అడిగితే నారాజైతడు' అనేటోడు. ఇద్దరిద్దరే దొరికిన్రు నాకు, మర్యాదగాళ్లు. గా పిల్లకు బర్రె దొరికిందో లేదో ఆయనకు తెల్వకపాయె."

నేను పుస్తకం ఆమె చేతికివ్వబోయాను.

"నాకన్న తెల్వనియ్యి. చదువు" అంది.

మామ స్టూలు మీద కూర్చోలేక గడప మీద కూర్చున్నాను. నీలం ముక్క దాటి మొదటి వాక్యం పైకి చదివాను. అత్తమ్మ గుండీల డబ్బా దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు రోజూ రెండు పేజీలు చదువుతున్నాను. బర్రె ఇంకా దొరకలేదు. పసుపు ముక్క ముందుకు జరుగుతోంది. నీలం ముక్క మామ పెట్టినచోటే ఉంది. పుస్తకం మూసినప్పుడల్లా దాని కొస పైకి కనబడుతుంది.