బస్సులో ఖాళీ చేసిన సీటు

మా బాబుకి అప్పుడు ఐదో నెల. న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉంచి, ఆ రోజే ఇంటికి పంపారు. మళ్ళీ జలుబు చేయకుండా చూసుకోమని డాక్టరు గట్టిగా చెప్పారు. లక్డీకాపూల్‌లో బస్సెక్కి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని భయంభయంగా కూర్చున్నాను.

నాంపల్లిలో ఒకామె మూడేళ్ల కొడుకుని చంకనేసుకుని ఎక్కి, నా పక్కనే కూర్చుంది. బాబుని చూసి నవ్వింది.

"గింత సన్నగున్నడేందక్కా?"

"నిమ్ము చేసిందండీ. ఇవాళే ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తున్నాను."

అంతలో ఆమె కొడుకు తుమ్మాడు. ఆమె చటుక్కున కొంగుతో వాడి ముక్కూ నోరూ మూసి, లేచి నిలబడింది.

"మావోనికి సర్దయిందక్కా. మీ బాబుకు అంటుకుంటది. మేం గాడ నిలబడ్తం."

వెనక మగవాళ్ల మధ్యకి వెళ్లింది. అక్కడ ఎక్కడా సీటు లేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పిల్లవాణ్ణి మోస్తూ, బస్సు కుదిపినప్పుడల్లా తూలుతూ నిలబడింది. నాకు మాత్రం అప్పటికి ఊపిరాడింది. బాబు మీద దుప్పటి సర్దుకుంటూ కూర్చున్నాను. అబిడ్స్ రాగానే ఆమె వెనక తలుపు నుంచే దిగిపోయింది.

మా వాడికి ఆ చలికాలమంతా జలుబు రాలేదు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. కాస్త ముక్కు కారినా ఇంట్లోనే ఉంచుతాను. "జలుబుకే ఇంత హడావుడా?" అని మా అత్తగారు విసుక్కుంటారు. పక్కన కూర్చునే పిల్లలకి అంటుకుంటుందంటాను.

ఆమె కొడుక్కి జ్వరం కూడా ఉందా, వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తోంది, అని ఒక్క మాటైనా అడగాలని ఆ రోజు నాకు తోచనే లేదు.