రెంటచింతల ఎండలో జెట్ ఇంజను

జెట్ ఇంజను ఎంత వేడెక్కుతుందో డీప్ లెర్నింగ్‌తో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ ఒకటి ఏడాదిగా తయారుచేస్తున్నాను. ఇంజను వేగం, ఇంధనం, బయటి గాలి వేడి ఇస్తే చాలు, లెక్క చెబుతుంది. చలికాలంలో బాగానే చెప్పింది. "మే ఎండలో పది డిగ్రీలకు మించి తప్పితే రిపోర్టు మీద సంతకం పెట్టను, పని మళ్లీ మొదటి నుంచి చేసుకో" అని మా గైడ్ మేడం తేల్చేశారు. ఎండ కావాలంటే రెంటచింతల ఉండనే ఉంది. నా మోడల్ మీద నాకేం అనుమానం లేదు.

నరసరావుపేటలో ఉదయం ఆరింటికి, డ్రోన్లకు వాడే చిన్న జెట్ ఇంజనుతో మస్తాన్ అన్న ట్రాలీ ఆటోలో బయల్దేరాం. రానూపోనూ మూడు వేలు. పిడుగురాళ్లలో ఇడ్లీ తిని, గురజాల మీదుగా తొమ్మిదిన్నరకు చేరాం. "ఈ ఎండకు మనుషులే రారు, ఇంజన్నెందుకు మోసుకొస్తున్నావమ్మా?" అని దారంతా అన్న ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

ఆయనకు తెలిసిన కోటేశ్వరమ్మ గారి మిరప కల్లం ఖాళీగా ఉంది. నాపరాళ్లు పరిచిన కల్లం నడుమ ఇంజను బిగించి, నేను వేపచెట్టు కింద ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాను. గాలి వేడి కొలిచే థర్మామీటరును ల్యాప్‌టాప్‌కు కలిపే వైరు పొట్టిది, అందుకని అదీ నా పక్కనే పెట్టుకున్నాను. ఒంటిగంటకు ఇంజను నడిపితే మోడల్ చెప్పినదానికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపించింది. రెండోసారీ అంతే. ఏడాది కష్టం నీళ్లపాలైందని ఏడుపొచ్చింది.

కోటేశ్వరమ్మ గారు మజ్జిగ తెచ్చి సంగతి అడిగారు. చెప్పాను.

"గాలి వేడి యాడ కొలిచావమ్మా?"

"ఇక్కడే, చెట్టు కింద."

"ఏందది? ఇంజను పీల్చేది బండల మీద గాలి కదా. నీడన కూర్చుని కల్లంలో కాయ ఎండిందో లేదో చెప్పగలమా?"

చానా సిగ్గేసింది. థర్మామీటరును ఇంజను నోటి దగ్గర కట్టి, ల్యాప్‌టాప్‌ను ఆ పక్కకే మార్చాను. మస్తాన్ అన్న దానికి గొడుగు పట్టి, "కాళ్లు కాలతన్నయి, ఇంకెంతసేపు?" అని అరుస్తూనే ఉన్నాడు. ఈసారి తేడా మూడు డిగ్రీలే.

ఏడాదిగా మోడల్లో తప్పులు వెతికాను గాని, నేనెక్కడ కూర్చున్నానో చూసుకోలేదు. మొదటి రెండు ఫలితాలూ చెరిపేద్దామనిపించిన మాట నిజం. చెరపలేదు. తప్పు నాదని రాసి మూడూ మేడంకు పంపాను. "ఆ రెండూ రిపోర్టులో ఉంచు, సోమవారం సంతకానికి రా" అని జవాబొచ్చింది. మీరూ ఇలాంటి పరీక్షకు వస్తే థర్మామీటరుకు పొడవాటి వైరు తెచ్చుకోండి. మీరు నీడలో కూర్చోవచ్చు, అది మాత్రం ఇంజను దగ్గరే ఉండాలి.