మబ్బును తట్టుకోని కంట్రోలర్

ఆత్మకూర్ (ఎస్) దగ్గర ఒక ఊరిలో గొర్ల తొట్టికి నీళ్లు తోడే సోలార్ మోటారు పాడైందనీ, దాన్ని గొర్ల కాపరి చెడగొట్టాడనీ చాలామంది విన్నారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

కోదాడ కాలేజీలో పాఠాలు చెబుతూ, ప్యానెల్ కరెంటును మోటారుకు సరిపడే ఓల్టేజీకి మార్చే కన్వర్టర్‌కు ఒక కంట్రోలర్ తయారుచేశాను. ఏ ఒడుదొడుకు వచ్చినా ఓల్టేజీ తొణకదని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. ల్యాబులో నా సూర్యుడు ఒక పవర్ సప్లై డబ్బా. దానికి మబ్బులు పట్టవు.

ఆ ఊరి మోటారుకు దాన్ని బిగించిన రోజు మోటారు గది తాళంచెవిని గొర్ల సంఘంవాళ్లు ఆ కాపరికే అప్పగించారు. ముసలాయన మోటారు నడుస్తుండగానే భుజం మీది గొంగడి తీసి సగం ప్యానెల్ మీద కప్పాడు. మోటారు గురకపెట్టి ఆగిపోయింది.

"ఏం చేస్తున్నవ్ తాతా!"

"మబ్బొస్తే ఎట్లుంటదో సూస్తున్న సారూ. పొట్టేలునైనా జర నెట్టి సూసే కొంటం."

"ఇది పొట్టేలు కాదు."

"ఔ. పొట్టేలైతే నిలవడ్తుండె."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

వారానికే మబ్బులు పట్టాయి, మోటారు మొరాయించింది. ఎండ తగ్గినప్పుడు మోటారును నెమ్మదింపజేయాల్సింది పోయి, నా కంట్రోలర్ అదే ఓల్టేజీ కోసం ప్యానెల్‌ను ఇంకా పీకేది; పీకేకొద్దీ ప్యానెల్ కూలబడేది. చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా సంఘం పెద్దతో, "గొంగళ్లు కప్పితే ఏ మిషనైనా ఖరాబైతది" అన్నాను. తాళంచెవి లాగేసుకున్నారు. పుట్టినప్పటి నుంచి గొర్లతోనే ఉన్న మనిషిని తొట్టి దగ్గరికి రావద్దన్నారు.

నేను మిర్యాలగూడలో ఒక సదస్సులో ఇదే కథను జోకుగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. తర్వాత చాటుగా కాలేజీ డాబా మీద ప్యానెల్ పెట్టి, దానిమీద దుప్పటి కప్పుతూ తీస్తూ కంట్రోలర్‌ను సరిచేశాను. దుప్పటి మా ఇంటిది. ఆలోచన ఆయనది.

పోయిన నెల కొత్త కంట్రోలర్ బిగించి, సంఘం ముందు నిజం ఒప్పుకున్నాను. పెద్దమనిషి తాళంచెవి ఆయన చేతిలో పెట్టబోయాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకెందుకు? సారుకియ్యుండ్రి. పొద్దుగాల వొచ్చి నీళ్లిడుస్తడు."

సూర్యాపేటలో బస చేసి, నాలుగు రోజులు మొదటి బస్సెక్కి వెళ్లి తొట్టి నింపాను. ఐదో రోజు బస్సు తప్పింది. నేను చేరేసరికి మంద మొత్తం ఖాళీ తొట్టి చుట్టూ అరుస్తోంది. ఆయన తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. క్షమించాడని రాసుకోవాలని ఉంది. కానీ ఆయన అన్నది ఇంతే: "గొర్లకు దూపైతున్నది. జరుగు సారూ."